స్వామికి రాసిన అప్పు చీటీ

మార్చి ముప్పై ఒకటి లోపల చేయవలసినవి:

గోడౌనులో సరుకు లెక్క. తువ్వాళ్ళు, పంచెలు, దుప్పట్లు వేరువేరుగా.
లాడ్జీల నుంచి రావలసిన బాకీలు. ఫోను ఎత్తని వాళ్ళ దగ్గరికి నేరుగా పోవాలి.
అయ్యగారి బీమా ప్రీమియం.
అడ్వాన్సు ట్యాక్సులో తక్కువ పడినది కట్టాలి.
నగరి మగ్గాల వాళ్ళ బిల్లులు తేదీల ప్రకారం పేర్చాలి.
లెడ్జరులో ‘స్వామి ఖర్చు’ అంటే ఏమిటో పెంచలయ్యగారిని అడగాలి.
శుక్రవారం గుడ్ ఫ్రైడే. సెలవు ముందే చెప్పాలి.

2024 మార్చి ఇరవై ఐదు, సోమవారం ఉదయం, తువ్వాళ్ళ కట్టలో వచ్చిన అట్టముక్క వెనక ఈ జాబితా రాసుకున్నాను. నా పేరు అమల. మాది పుత్తూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో గోవిందస్వామి అయ్యగారి టోకు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. తిరుపతి, తిరుచానూరు లాడ్జీలకు తువ్వాళ్ళు, దుప్పట్లు వేసే దుకాణం అది. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన పెంచలయ్యగారికి చూపు తగ్గి ఇంటి దగ్గర కూర్చున్నాక, నేను చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

నగరి బిల్లులు పేరుస్తుంటే నాకు భయం పట్టుకుంది. ఐదుగురు మగ్గాల వాళ్ళకు కలిపి తొమ్మిది లక్షల దాకా ఇవ్వాలి. కొన్ని బిల్లులు డిసెంబరువి. వెంటనే ఆడిటరుగారికి ఫోను చేశాను. ఆయన చెప్పింది రాసుకుని అయ్యగారి దగ్గరికి వెళ్ళాను.

“అయ్యా, నగరి వాళ్ళకు ఈ నెలాఖరులోపల కట్టేయాలి.”

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. “నగరోళ్ళకు ఉగాదికి గదా పాపా ఇచ్చేది. కొత్త పుస్తకం పెట్టేనాటికి పాత లెక్క ఒడిసిపోవాల. ఇరవై ఏండ్లుగా అదే పద్ధతి.”

“ఈ తూరి ఉగాది ఏప్రిల్ తొమ్మిదో తేదీ వచ్చింది అయ్యా.”

“వస్తే?”

చెప్పాను. చిన్న తయారీదారులుగా పేరు నమోదు చేసుకున్న వాళ్ళ దగ్గర సరుకు కొంటే పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాసుకున్న ఒప్పందం ఉంటే నలభై ఐదు రోజులు. ఆ గడువూ దాటి, మార్చి ముప్పై ఒకటీ దాటితే, ఆ సరుకు కొన్న ఖర్చు ఈ ఏడాది లెక్కలో చెల్లదు. ఖర్చు చెల్లకపోతే అదంతా లాభం కిందికి వస్తుంది. రాని లాభానికి పన్ను కట్టాలి.

“ఎంత?”

“రెండు లక్షలు దాటుతుంది.”

“తొమ్మిది దినాలకు రెండు లక్షలా?” అన్నారు. కాసేపు క్యాలెండరు వైపు చూశారు. “పంచాంగం రాసేవోడికి, ఈ చట్టం రాసేవోడికి రొంత పరిచయం ఉండుంటే బాగుండు.”

ఆ మూడు రోజులు నేను లాడ్జీల చుట్టూ తిరిగాను. మార్చి పరీక్షల నెల. యాత్రికులు తక్కువ. ఏ మేనేజరును అడిగినా గదులు ఖాళీ అనే మాటే. “మీ తువ్వాళ్ళు బీరువాలోనే ఉండాయమ్మా, కావాలంటే తీసకపో” అన్నాడొకాయన. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇచ్చేదాకా లేవలేదు. అయ్యగారి తమ్ముడి కొడుకు మునికుమార్ అన్న అమ్మకాలు చూస్తాడు, అతనూ స్కూటరు మీద తిరిగాడు. బుధవారం సాయంత్రానికి నలుగురు మగ్గాల వాళ్ళకు బ్యాంకు ద్వారా పంపగలిగాము. ఎల్లప్పగారిది మిగిలిపోయింది. రెండు లక్షల ముప్పై ఆరు వేలు. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు అంచుదాకా వాడేశాము. గల్లాపెట్టెలో మరుసటి వారం జీతాలకు సరిపడా మాత్రమే ఉంది.

మధ్యలో పెంచలయ్యగారిని ‘స్వామి ఖర్చు’ గురించి అడిగాను. ప్రతిరోజూ అమ్మకంలో నూటికి ఒక రూపాయి చొప్పున ఆ పేరుతో ఖర్చు రాసి ఉంది. చేరినప్పుడు అలాగే రాయమన్నారని నేనూ ఎనిమిది నెలలు రాశాను.

“స్వామి మన పార్ట్‌నరు పాపా,” అన్నారాయన ఫోనులో. “అంగడి తెరిసిన దినం నుంచి నూటికి రూపాయి ఆయనది. సాయంత్రం తీసి ఇంటికి పంపిస్తాం. ఉగాది ముందర కొండకు పోయి హుండీలో వేస్తారు.”

“రసీదు ఉంటుందా అండీ?”

“హుండీకి రసీదు అడుగుతావా? నువ్వు గట్టిదానివే.”

“అయితే అది ఖర్చు కింద చెల్లదు.”

“పార్ట్‌నరుకు ఇచ్చింది ఖర్చు కాకపోతే ఇంకేంది?” అన్నారు. మళ్ళీ ఆయనే, “ముప్పై ఏండ్లు తప్పు రాసినానా? ఆడిటరును అడుగు పాపా. తప్పయితే దిద్దు. నేను రాసినానని వదలొద్దు,” అన్నారు.

ఆడిటరుగారు తప్పే అన్నారు. జాబితాలో ఇంకో పని చేరింది.

గురువారం ఎల్లప్పగారు వచ్చారు. నగరిలో ఆయనకు ఆరు మరమగ్గాలు. వారానికొకసారి తువ్వాళ్ళ మూటతో బస్సులో వస్తారు. మూట దించి, దాని మీదే కూర్చుని, టీ తెప్పించమన్నారు.

మునికుమార్ అన్న ఒక కాగితం తీశాడు. “ఎల్లప్పన్నా, ఒగ సంతకం కావాల. నీ సరుకు వాపసు పంపినట్టు రాస్తాం. ఉత్త కాగితం మీదనే. ఏప్రిల్ రెండో తేదీ మళ్ళా నువ్వు బిల్లు వేస్తావు. ఈ ఏడాది లెక్కలో బాకీ కనపడదు, సరుకు యాడికీ కదల్దు.”

“అమ్మేసిన తువ్వాళ్ళను ఎట్లా వాపసు పంపుతాము అన్నా?” అన్నాను. “లాడ్జీల్లో జనం తుడుచుకుంటా ఉండారు.”

ఎల్లప్పగారు నవ్వారు. “తుడుసుకున్నంక ఉతికి పంపిస్తారేమో పాపా.”

“నీకు తెల్దు, ఊరుకో,” అన్నాడు మునికుమార్ అన్న నాతో. “చానా అంగళ్ళలో ఇదే చేస్తా ఉండారు.”

“చేయనీ అన్నా. ఇది దొంగ కాగితం. ఈ దుకాణం లెక్క నా చేత్తో రాసేది. నేను రాయను.”

ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకొకటి సిద్ధంగా లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఎల్లప్పగారు అయ్యగారి వైపు తిరిగారు. “ఏమప్పా గోవిందసామీ, నువ్వు పెట్టమంటే పెడతా. ఇరవై ఏండ్లలో నీ మాట నేను యానాడన్నా తీసేసినానా? ఉగాదికి ఇస్తావు గదా?”

“ఇస్తానప్పా,” అన్నారు అయ్యగారు. కానీ కాగితం అందుకోలేదు. “శనివారం దాకా సూద్దాం. ఇప్పుడే పెట్టొద్దు.”

బస్సు దాకా నేను ఆయన వెంట వెళ్ళాను. దారిలో అడిగితే చెప్పారు. రెండు కొత్త మగ్గాలు, నూలు అంతా బ్యాంకు అప్పు మీద నడుస్తున్నాయి. ఈ ఏడాది ఇంత అమ్ముతానని బ్యాంకుకు రాసిచ్చారు. ఏప్రిల్‌లో లెక్క చూసి అప్పు పరిమితి కొనసాగిస్తారు. రెండు లక్షల ముప్పై ఆరు వేల సరుకు వాపసు అని పడితే లెక్క తగ్గుతుంది, పరిమితి కోస్తారు, ఆ రెండు మగ్గాలు ఆగుతాయి.

“మరి సంతకం పెడతానన్నారే?”

“ఇరవై ఏండ్లుగా ఆయప్ప ఇంట్లో అన్నం తిన్యా. మొగం మీద పెట్టనంటే ఎట్ల పాపా?” అన్నారు. బస్సెక్కి కిటికీలోంచి, “నువ్వు మాత్రం ఆయప్పకు ఈ బ్యాంకు సంగతి సెప్పొద్దు,” అన్నారు.

నేను ఆయనకు మాట ఇవ్వలేదు.

మరునాడు గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నానే కానీ, నా బుద్ధి లెక్కల మీదే ఉంది. బ్యాంకు ఆ రోజు సెలవు. శనివారం తెరుస్తారు. ఆదివారం ముప్పై ఒకటి. అంటే డబ్బు దొరికితే శనివారం ఒక్కరోజే. అప్పుడు నాకు ‘స్వామి ఖర్చు’ గుర్తొచ్చింది. అది హుండీలో పడేది ఉగాది ముందర. ఇంకా పడలేదు. అంటే అది ఎక్కడో ఉంది.

మూడు గంటలకు ప్రార్థన ముగిసింది. నేరుగా తిరుచానూరు బస్సెక్కాను. అయ్యగారి ఇల్లు అక్కడే, అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల.

అయ్యగారి భార్య శకుంతలమ్మగారు తలుపు తీశారు. “ఏమ్మే అమలా, మొగం అట్ల పీక్కపోయింది? ఉపవాసమా? మజ్జిగన్నా తాగు.”

తాగాను. అయ్యగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎల్లప్పగారు బస్సు దగ్గర చెప్పింది ముందు చెప్పాను. అయ్యగారు తల దించుకున్నారు. “నాకు సెప్పలే సూడు వాడు,” అన్నారు.

“అయ్యా, ఇంకొకటి. స్వామి ఖర్చు అని రాసిన డబ్బు ఇంకా కొండకు పోలేదు కదా. అది ఖర్చు కింద చెల్లదు. పుస్తకంలో ఎటూ తిరగరాసి, చేతిలో ఉన్న డబ్బుగా చూపించాలి. అది బ్యాంకులో వేసి ఎల్లప్పగారికి పంపితే...”

మాట పూర్తి కాలేదు. ఆయన లేచి నిలబడ్డారు. “ముడుపు తీయాలా? నువ్వు వేరే మతం పిల్లవు, నీకు తెల్దు. స్వామికని కట్టింది ముట్టకూడదు.”

ఆ మాట గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆయన కోపంతో అనలేదు, భయంతో అన్నారు. నాకూ భయంగానే ఉంది. అయినా అక్కడి నుంచి లేచి పోదలచుకోలేదు.

“నాకు కొంచెం తెలుసయ్యా,” అన్నాను. “మా ఇంట్లో కూడా ఉంది.”

మా నాయన శాంతయ్య మామిడి తోటల్లో కూలి. వారం కూలిలో పదో వంతు దేవుడిదని పాలపొడి డబ్బాలో వేస్తాడు. నా మూడో ఏడాది పరీక్ష ఫీజు పద్నాలుగు వందలు. కట్టే ఆఖరు రోజు ఇంట్లో డబ్బు లేదు. నాయన డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వద్దని ఏడ్చింది. నాయన కళ్ళు మూసుకుని గట్టిగా అన్నాడు: “ప్రభువా, నీది తీసుకుంటా ఉండా. తీసుకోలేదని అనను. మామిడి కోతలకు కడతా.” ఆయనకు రాయడం రాదు. పొయ్యిలోంచి బొగ్గు తీసి గోడ మీద పద్నాలుగు గీతలు గీశాడు, వందకొకటి. కోతలు మొదలయ్యాక వారానికి రెండు, మూడు చొప్పున తడిగుడ్డతో తుడిచాడు. నా ఫలితాలు వచ్చేనాటికి గోడ మీద నల్లటి మరక మాత్రం మిగిలింది.

చెప్పడం అయిపోయింది. శకుంతలమ్మగారు పూజగదిలోకి వెళ్ళి ఇత్తడి బిందె ఎత్తలేక ఈడ్చుకుంటూ తెచ్చి నా ముందు పెట్టారు. నిండా చిన్న చిన్న పసుపు గుడ్డ మూటలు. ప్రతి శనివారం తలస్నానం చేసి, ఆ వారం వాటాను ఆమే మూట కడతారు.

“యాభై మూడు ఉండాయి,” అన్నారు. “కట్టింది నేను. ఇప్పుకూడదని సెప్పాల్సింది కూడా నేనే.”

“శకుంతలా,” అన్నారు అయ్యగారు.

“ఉండండి. ఇన్నేండ్లు దీన్ని ఖర్చులో రాసినారంట. ఖర్చులో రాసినాక అది మనం ఇచ్చింది ఎట్ల అయితాది? పన్ను తగ్గించుకోని, ఆ మిగిలింది సామికి ఇచ్చినట్టు గదా. ఈ తూరి మన లాభంలోంచి ఇద్దాం, పన్ను కట్టి.” బిందె మీద చెయ్యి వేశారు. “ఈడ దాచిపెట్టి, ఆడ ఎల్లప్ప మగ్గం ఆపేస్తే సామి సంతోషపడతాడా? అప్పు బాధ ఆయనకు కొత్తా? కుబేరుడికి ఇంకా కడతానే ఉండాడు.”

అయ్యగారి మొహంలో నవ్వు రాబోయి ఆగింది. “తిరిగి కట్టలేకపోతే?”

“అందుకే రాసుకుందాం. శాంతయ్యకు రాయడం రాక గీతలు గీసినాడు. మనకు రాసేదానికి ఈ పాప ఉండాది గదా. అమలా, కాగితం తియ్యి. అంగడిలో అప్పుకు ఎట్ల రాస్తావో అట్లనే రాయి.”

రాశాను. తేదీ, పుస్తకం ప్రకారం రెండు లక్షల నలభై ఒక్క వేలు, ఏ అవసరానికి తీసుకున్నది. గడువు దగ్గర ఆగి, “ఎన్ని రోజులు రాయమంటారు అమ్మా?” అన్నాను.

“చట్టంలో ఎన్ని దినాలంటివి?”

“రాసుకున్న ఒప్పందం ఉంటే నలభై ఐదు.”

“అదే రాయి.”

“సామి కూడా చిన్న వ్యాపారస్తుడేనా?” అన్నారు అయ్యగారు.

“మీ పార్ట్‌నరే గదా,” అన్నారామె.

అయ్యగారు సంతకం చేశారు. ఆమె ఆ చీటీని ఒక రూపాయి బిళ్ళతో కలిపి కొత్త పసుపు గుడ్డలో కట్టి, మూటలు తీసేసి ఖాళీ చేసిన బిందెలో వేశారు.

శనివారం పొద్దున్నే మూటలు విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాము. నోట్లన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. ఒకటింపావుకు నేనూ మునికుమార్ అన్నా బ్యాంకుకు చేరాము. ఏడాది చివరి పనిదినం, నిలబడడానికి చోటు లేదు. మా వంతు వచ్చేసరికి రెండున్నర. లెక్కపెట్టే యంత్రం ఐదు నోట్లు మింగి ఆరోది తిప్పికొట్టింది. పసుపు దాని లోపల అంటుకుంటోంది.

“ఏందిమ్మా ఇది, నోట్లకు పెండ్లి చేసినారా?” అన్నాడు క్యాషియరు. “తుడిచి తీసుకురండి. మూడున్నరకు కౌంటరు మూస్తా.”

మునికుమార్ అన్న నావైపు చూశాడు. నేను సంచిలో చూశాను. నిన్నటిదాకా మూటలోనే ఉన్న ఎల్లప్పగారి తువ్వాళ్ళు నాలుగు తెచ్చిపెట్టుకున్నాను, నోట్లు కట్టడానికి. బ్యాంకు వరండాలో మెట్ల మీద ఇద్దరమూ కూర్చుని నోటు నోటూ తుడిచాము. మునికుమార్ అన్న మొదట గొణిగాడు. తర్వాత ఆ గొణుగుడూ మానేశాడు. “పెద్దమ్మ మాటకు నేను యాడ ఎదురు సెప్పేది,” అన్నాడు ఒకసారి. ఇంకొంచెం సేపటికి, “ఆ వాపసు కాగితం సించేసినా,” అన్నాడు.

మూడు ఇరవైకి మళ్ళీ కౌంటరు దగ్గర నిలబడ్డాము. క్యాషియరు యంత్రం పక్కకు నెట్టి చేత్తోనే లెక్కపెట్టాడు. ఆఖరు కట్టను కళ్ళకద్దుకుని డ్రాయరులో పెట్టాడు. నాలుగు గంటలు కాకముందే ఎల్లప్పగారి ఖాతాకు డబ్బు పోయింది.

నాలుగుంపావుకు ఆయన ఫోను చేశారు. “పాపా, దుడ్లు పడినాయి. ఉగాది ఈ దినమే వచ్చిందా?”

“మీకు ముందు వచ్చింది,” అన్నాను.

“బ్యాంకు సంగతి ఆయప్పకు సెప్పేసినావు గదా.”

“చెప్పినాను.”

“సరేలే,” అన్నారు. “తిన్నావా?”

ఆదివారం ఈస్టరు. పొద్దున ప్రార్థనకు పోయి, అట్టముక్క మీది జాబితాలో మిగిలిన రెండు పనులు మధ్యాహ్నం చేశాను. స్వామి ఖర్చు తిరగరాయడం ఆఖరుది. దానివల్ల అయ్యగారికి పన్ను కొంత పెరిగింది. ఆయన చలాను చూసి గట్టిగా నిట్టూర్చారు కానీ కట్టేశారు.

ఉగాదికి అయ్యగారు కొండకు పోలేదు. చుట్టాలు అడిగితే, అప్పులో ఉన్నామని శకుంతలమ్మగారు దాపరికం లేకుండా చెప్పారు. ఏప్రిల్ నడిమి నుంచి వేసవి జనం మొదలైంది. లాడ్జీలకు తువ్వాళ్ళు చాలలేదు, పాత బాకీలు వాళ్ళే తెచ్చి ఇచ్చారు. ప్రతి శనివారం ఆమె ఆ వారం వాటాతో పాటు అప్పులో కొంత తీసి మూట కట్టారు. నెల రోజులకు ఇంకా అరవై వేలు తక్కువ. ఆ వారం ఆమె చేతికి ఎప్పుడూ ఉండే నాలుగు బంగారు గాజుల్లో రెండే కనిపించాయి.

మూటలు విప్పిన శనివారం నుంచి లెక్క వేస్తే గడువు మే పద్నాలుగు. పన్నెండో తేదీ ఆమె నన్ను ఇంటికి పిలిచి, బిందెలోంచి చీటీ తీసి ఇచ్చారు. “చెల్లు అని రాయి. తేదీ వెయ్యి. రేపు, ఒగ దినం ముందరే కడతా ఉండాం, వడ్డీ అడగడు.” నేను రాశాను. మరునాడు తెల్లవారకముందే ఆమె అలిపిరి మెట్ల దారిన నడిచి కొండెక్కి, మూటలన్నిటితో పాటు ఆ చీటీని కూడా హుండీలో వేసి వచ్చారు.

ఎల్లప్పగారి బ్యాంకు అప్పు పరిమితి కొనసాగింది. ఆరు మగ్గాలూ నడుస్తున్నాయి. ఇప్పుడు నగరి వాళ్ళందరితో నలభై ఐదు రోజుల ఒప్పందం రాసుకున్నాము. స్వామి వాటాను లాభంలోంచి సొంత వాడకం కింద రాస్తున్నాను. పెంచలయ్యగారికి ఆ పేజీ చదివి వినిపించాను, బాగుంది అన్నారు. 2025లో ఉగాది మార్చి ముప్పైనే వచ్చింది. అయ్యగారు క్యాలెండరు నాకు చూపించి, “సూసినావా పాపా, చట్టమే మన దారికి వచ్చింది,” అన్నారు. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూసుకుందాం అన్నాను.

దుకాణం గోవిందస్వామిగారి పేరు మీద ఉంది. పన్ను రిటర్ను ఆయనది. బిల్లు ఎల్లప్పగారిది. లెక్క నా చేతిరాత. ఆ శుక్రవారం బిందె ఈడ్చుకొచ్చిన మనిషి పేరు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. రాసే గడి ఏదీ నాకు దొరకలేదు. అందుకని ఇక్కడ రాశాను. మీకూ ఏదో ఒక అంగడి ఉండవచ్చు, మార్చి నెలాఖరున ఎవరో ఒకరి బిల్లు మీ చేతిలో ఉండవచ్చు. అప్పుడు ఒక్క నిమిషం తిరుచానూరు శకుంతలమ్మగారిని గుర్తు చేసుకోండి.